పిల్లకాలవ చేప

రండి, ఇలా దగ్గరగా కూర్చోండి. వాన పట్టేట్టుంది, ఇప్పుడప్పుడే ఎవరూ ఎక్కడికీ వెళ్లేది లేదు. టీ కాగేలోగా నాలుగు చేపల కబుర్లు చెప్పుకుందాం.

అమెరికా వెళ్లిన మన పిల్లలు ఈమధ్య కొండవాగుల్లో ట్రౌట్ వేటకు వెళ్తున్నారు. తొడలదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, చల్లటి నీళ్లలో నిలబడి, చేతిలో మూరెడు చేపతో ఫొటో దిగి ఇంటికి పంపుతారు. చూసి సంతోషించాల్సిందే. ఎవరూ పిల్ల వదలకుండా, ఎవరూ మేత వేయకుండా వాగులో తనంత తాను పుట్టి పెరిగిన చేపను ఒక్క గాలంతో పట్టడంలో ఉన్న ఆనందం పట్టినవాళ్లకే తెలుసు. అయితే ఆ పిల్లలే ఫోన్లో "మన బెజవాడలో ఇలాంటివి ఎక్కడున్నాయి లెండి" అన్నప్పుడు మాత్రం నాకు మనసొప్పదు. ఉన్నాయి నాయనా. మీ తాతగారి పొలం పక్క బోదెలోనే ఉన్నాయి. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ బోదె గురించీ, అందులో చేప గురించీనే.

ముందు ట్రౌట్ సంగతి తేల్చేద్దాం. అది చన్నీళ్ల చేప. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది, దాంతో ట్రౌట్‌కి ఊపిరాడదు. మన దేశంలో అది సహజంగా లేనే లేదు, దొరలు తెచ్చి పెంచిందే. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1860లలోనే నీలగిరి కొండల వాగుల్లో దాన్ని పెంచాలని చూశాడు, కుదరలేదు. ఆ తరవాత 1900 ప్రాంతాల్లో కాశ్మీరంలో, ఇంకొన్నాళ్లకి నీలగిరిలో అది నిలదొక్కుకుంది. ఈ డే గారి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు. మన కాలవలో మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూడండి, నీళ్లు వెచ్చగా తగుల్తాయి. అందులో ట్రౌట్ ఒక్క పూట కూడా బతకదు. అలాంటి నీళ్లలో బతకాలంటే వేరే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటుతో పుట్టింది కొరమీను.

కొరమీనుకి మొప్పలు చాలవు. తల లోపల, మొప్పల పైన, గాలి పీల్చుకోవడానికి ప్రత్యేకమైన గది ఒకటుంటుంది. ప్రతి కొద్ది నిమిషాలకీ పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి మళ్లీ లోపలికి పోతుంది. పైకి రానివ్వకుండా వల కింద అదిమిపెట్టి ఉంచితే, చుట్టూ నీళ్లున్నా చచ్చిపోతుంది. అందుకే మురికినీళ్లలో, బురదలో, ఎండాకాలం అడుగంటిన గుంటల్లో మిగతా చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి తేలేసినా అది మాత్రం బతికే ఉంటుంది. నీళ్లు పూర్తిగా ఇంకిపోతే తడిబురదలో దూరి, వానలు పడేదాకా అలాగే కాచుకుంటుంది. బజార్లో తట్టలో అరచెయ్యి లోతు నీళ్లలో కదులుతూ కనిపించేదీ ఇందుకే. ప్రాణంతో అమ్ముతారు, ప్రాణంతోనే కొంటారు, ధర కూడా ఆ ప్రాణానికే. తెలంగాణ వాళ్లు దాన్ని తమ రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు. మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాదులో ఉబ్బసం రోగులకు చేపమందు మింగించేది కూడా వేలెడంత కొరమీను పిల్ల నోట్లో పెట్టే. ఇంత ఆదరం ఉన్న చేప మన పిల్లకాలవలో పిలవకుండా వచ్చి కాపురం ఉంటుంది. ఇంకేం కావాలండీ మనకి?

వేటగాడికి ఆ గుటకే గురుతు. పొద్దున్నే కాలవ గట్టు మీద అలికిడి చేయకుండా కూర్చోండి. గుర్రపుడెక్క అంచున, ఆకుల మధ్య చిన్న ఖాళీ ఉన్నచోట, నీళ్లు ఒక్కసారి 'గుబుక్' మంటాయి. చిన్న సుడి లేస్తుంది, నాలుగైదు బుడగలు తేలతాయి, అంతే. కొత్తవాడికి అది కప్ప దూకినట్టే ఉంటుంది. కప్ప దూకితే అలలు వెడల్పుగా పరుచుకుంటాయి, నీటి చుక్కలు పైకి లేస్తాయి. కొరమీను గుటక వేస్తే నీళ్లు లోపలికి గుంజుకున్నట్టవుతాయి. ఈ తేడా కంటికి అలవాటైతే సగం వేట వచ్చేసినట్టే. మళ్లీ పైకి వచ్చేటప్పుడు చాలాసార్లు అదే ఖాళీలోకే వస్తుంది. మనం ఎర వేయాల్సింది ఆ ఖాళీకి ఇటువైపు మూరెడు దూరాన. నెత్తిన పడేస్తే బెదిరి పోతుంది, మళ్లీ ఆ పూటకి అక్కడ లేవదు.

ఈ కాలవల్లోకి ఈ చేపలు ఎలా వచ్చాయో కూడా ఒక్క మాట చెప్పాలి. కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆలోచన కాటన్ దొరది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. అంతకుముందు 1832–33లో, నందన నామ సంవత్సరపు కరువులో, గుంటూరు సీమ తుడిచిపెట్టుకుపోయింది. ఆ కష్టం చూసిన తరం వాళ్లే ఆనకట్ట కోసం అంత పట్టుపట్టారు. ఆనకట్ట నుంచి అటు గుంటూరు వైపూ, ఇటు బందరు వైపూ కాలవలు చీలాయి. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ, మూడూ మన ఊరి నడుమ నుంచే వెళ్తాయి. 1952లో పాత ఆనకట్టకి గండి పడింది. 1954లో మొదలుపెట్టి 1957కి ప్రకాశం బ్యారేజీ కట్టుకున్నాం. పెద్ద కాలవ నుంచి పంటకాలవ, పంటకాలవ నుంచి పిల్లకాలవ, దాన్నుంచి బోదె, బోదె నుంచి మడి. మడిలో మిగిలిన నీళ్లు మళ్లీ మురుగుకోడులోకి, కోడు నుంచి డ్రెయిన్‌లోకి, అక్కణ్ణుంచి కొల్లేరుకో, సముద్రానికో. నదిలో చేపకి మడిదాకా దారి, మడిలో చేపకి సముద్రందాకా దారి. ఇన్ని వేల మైళ్ల నీటిదారులు మనకోసం తవ్వుకున్నాం, చేప వాటిని తనకోసమే తవ్వినట్టు వాడుకుంది.

అయితే ఆనకట్ట వల్ల చేపకి నష్టమూ జరిగింది. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కే చేపలకు అడ్డుగోడ పడింది. ఈ విషయం ముందుగా పట్టించుకున్నవాళ్లలో కాటన్ దొర కూడా ఉన్నాడు. తాను కట్టించిన ఆనకట్టల వల్ల చేపలేమవుతున్నాయని 1860లలో ప్రభుత్వాన్ని అడిగాడు. ఆ విచారణ మీద ఊరూరా తిరిగినవాడే మన ఫ్రాన్సిస్ డే. 1873లో అచ్చయిన ఆయన నివేదికలో ఆనకట్టల గురించీ, బోదెల్లో, పొలాల్లో చేపపిల్లల్ని బుట్టలతో తోడేయడం గురించీ ఎంత బాధపడ్డాడో చూడాలి. ఆ తరవాత 1897లో చేపల చట్టం వచ్చింది. నీళ్లలో మందుగుండు పేల్చినా, విషం కలిపినా శిక్ష ఉందని అందులో రాశారు. నూట పాతికేళ్లు దాటిన చట్టం ఇది. కాలవ గట్టు మీద దాని పేరు చెబితే ఇప్పటికీ చాలామంది ఆశ్చర్యపోతారు.

సరే, ఇక గాలం. సరంజామా పెద్దగా లేదు. రెండు నిలువుల సన్నని వెదురు కర్ర, కొస వంగేది. కర్ర పొడవుకి ఒక మూర ఎక్కువ నైలాన్ దారం. ఎర నిలవడానికి వడ్లగింజంత సీసం. నీళ్ల మీద తేలడానికి బెండు. కొట్లో ప్లాస్టిక్ బెండ్లు రంగురంగులవి అమ్ముతారు గానీ, ఎండిన జీలుగు బెండు ముక్క కోసి పెట్టుకుంటే దానికి సాటి లేదు. చాలా తేలిక, చేప ముక్కు తగిలినా చెబుతుంది. నెమలి ఈక కాడ కూడా వాడతారు, పరిగెలకి అది ఇంకా మంచిది. గాలాలకు నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. పరిగెలకు చిన్నది, జెల్లకు మధ్యరకం, కొరమీనుకు పెద్దది.

ఎర అంటే ముందు ఎర్రలు. అరటిచెట్టు మొదట్లో తడిమన్ను గునపంతో తిరగేస్తే కావలసినన్ని దొరుకుతాయి, పేడదిబ్బ అంచున ఇంకా బలిసినవి ఉంటాయి. కొబ్బరిచిప్పలో అదే తడిమన్ను వేసి అందులో పెట్టుకోవాలి, ఎండ తగలనివ్వకూడదు. ఎర్ర దొరకనప్పుడు గోధుమపిండి ముద్ద. మట్టగిడసకి మిడత అంటే ప్రాణం. కొరమీనుకి బతికున్న చిన్న పరిగె, లేదంటే చిన్న కప్ప. గుప్పెడు తవుడు తడిపి ముద్ద చేసి ముందే నీళ్లలో వేస్తే పరిగెలు పోగవుతాయి, పరిగెల వెనకాల పెద్దవి వస్తాయి.

ఎక్కడ కూర్చోవాలి అని అడుగుతారు ఎక్కువమంది. లాకుల దిగువన, తూము నోటి దగ్గర, చప్టా నీడలో. నీళ్లు ఎత్తు నుంచి పడేచోట గాలి కలుస్తుంది, ప్రాణవాయువు పెరుగుతుంది. పైగా ఎదురెక్కాలని వచ్చిన చేప అక్కడ దారిలేక ఆగిపోతుంది. బోదె వచ్చి పంటకాలవలో కలిసే మూల ఇంకా మేలు. మడిలో పురుగూ పుట్రా కొట్టుకొచ్చేది అక్కడికే. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు దాకా కాలవ వెంట వెళ్లి చూడండి, ప్రతి తూము దగ్గరా గట్టు మీద గడ్డి నలిగి ఉంటుంది. అక్కడ ఎవరో మనకన్నా ముందే కూర్చుని లేచారన్నమాట.

ఇప్పుడు బెండు. చేపల వేటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, కాస్త నిదానంగా చెబుతాను వినండి. నీళ్ల కింద ఏముందో మనకి కనబడదు. కాలవనీళ్లు ఎర్రగా ఉంటాయి, బెత్తెడు లోతున చెయ్యి పెడితే వేళ్లు కనిపించవు. కనిపించేదల్లా పైన తేలే ఆ బెండు ముక్క. అది ఎలా కదిలిందో దాన్నిబట్టి కింద ఎవరొచ్చారో చెప్పాలి. పరిగెలొస్తే బెండు గజగజా వణుకుతుంది. మునగదు, కదలదు, ఊరికే వణుకుతూనే ఉంటుంది. ఎర్రని చుట్టూ చేరి కొసలు కొరుకుతున్నాయన్నమాట. అప్పుడు లాగితే ఖాళీ గాలమే వస్తుంది. ఒక్కటి ధైర్యం చేసి నోట్లో పెట్టుకున్నప్పుడు బెండు చటుక్కున అంగుళం పక్కకి జరుగుతుంది, అప్పుడు చేతి మణికట్టు ఒక్కటి ఆడిస్తే చాలు. జెల్ల అలా కాదు, దానికి మొహమాటం లేదు. రెండు గుంజులు గుంజి మూడో గుంజుకి బెండుని నిలువుగా లోపలికి తీసుకుపోతుంది. బొమ్మిడాయి అయితే ఏ గడబిడా ఉండదు. బెండు ఒకవైపు ఒరిగి, మెల్లమెల్లగా గట్టు కేసి జరుగుతూ ఉంటుంది. గట్టు రాళ్ల సందులోకి ఎరని తీసుకుపోతోందన్నమాట, సందులో దూరాక ఇక బయటికి రాదు. ఎండ్రకాయ అయితే బెండు కొద్దిగా మునిగి అక్కడే ఆగిపోతుంది. లాగితే బరువుగా వస్తూ వస్తూ నీటిమట్టానికి రాగానే వదిలేస్తుంది. తాబేలు పట్టినా బరువే, కానీ అది వదలదు, అడుగున బైఠాయిస్తుంది. గాలం తీసి దాన్ని జాగ్రత్తగా నీళ్లలో వదిలిపెట్టాలి.

కొరమీనుకి ఇవేవీ వర్తించవు. బతికున్న పరిగెను వీపు దగ్గర గాలానికి గుచ్చి వదిలితే, బెండు ఆ పరిగె లాగినట్టల్లా అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఉన్నట్టుండి ఆ తిరుగుడు పిచ్చెక్కినట్టవుతుంది. పరిగెకి భయం పట్టుకుంది, అది కొరమీనుని చూసింది. తరవాత 'దబ్'మని ఒకటే చప్పుడు, బెండు మాయం. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ. కొరమీను ముందు ఎరని అడ్డంగా కరుచుకుని తన చోటికి తీసుకుపోతుంది, అక్కడ తిప్పి తలవైపు నుంచి మింగుతుంది. దారం జారనివ్వాలి. ఆగింది, అంటే తిప్పుకుంటోంది. మళ్లీ కదిలిందీ అంటే మింగింది. అప్పుడు లాగాలి, లాగాక ఇక జాగు చేయకూడదు. గుర్రపుడెక్క వేళ్లలోకి దూరిందంటే దారం అక్కడే తెగుతుంది.

పట్టాక పట్టుకోవడం తెలియాలి. జెల్లకి వీపు మీద ఒకటి, చెంపల పక్కన రెండు ముళ్లుంటాయి. మూడింటి మధ్య వేళ్లు సర్దుకుని వెనక నుంచి పట్టాలి. ఇంగిలాయి ఇంకా ప్రమాదం. నల్లగా, సన్నగా, అమాయకంగా ఉంటుంది గానీ దాని చెంపముల్లులో విషం ఉంది. పొడిచిందంటే భుజందాకా సలుపు. పొడిచినచోట ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టి ఉంచితే నొప్పి తగ్గుతుంది, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిల్లల్ని వెంట తీసుకెళ్తే ముందు ఇంగిలాయిని చూపించి, దూరం నుంచే పరిచయం చేయండి.

గొరక సంగతి చెప్పకపోతే కబుర్లు పూర్తికావు. అరచేతిలో ఇమిడే చేప, మొప్పరెప్పల అంచున రంపపు పళ్లు. తొలకరి వాన పడ్డ రాత్రి నీళ్లలోంచి లేచి, ఆ రెప్పలు నేలకి ఆనించి, తోకతో తోసుకుంటూ గట్టు దాటి పక్క గుంటలోకి పోతుంది. 1797లో డాల్డార్ఫ్ అనే డేనిష్ సైనికోద్యోగి రాసింది లండన్‌లో అచ్చయింది. తరంగంబాడి దగ్గర ఇలాంటి చేప తాటిచెట్టు ఎక్కుతుండగా కళ్లారా చూశానని అందులో చెప్పాడు. అప్పట్నుంచీ పుస్తకాల్లో దానికి చెట్టెక్కే చేప అనే పేరు నిలిచిపోయింది. చెట్టెక్కడం మాట తరవాతివాళ్లు పెద్దగా నమ్మలేదు. గట్టెక్కడం మాత్రం మన రైతులు ఏటా చూస్తున్నదే.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. తొలకరిలో కాలవలకి కొత్తనీరు వదిలాక, బోదెల్లో నీళ్ల పైన ఒకచోట ఎర్రటి పిల్లల గుంపు గింగిరాలు కొడుతూ కనిపిస్తుంది. వందల పిల్లలు, ఒక్కొక్కటీ బియ్యపుగింజంత. అవి కొరమీను పిల్లలు. వాటి కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. కప్ప దగ్గరికొస్తే కప్ప మీద, చేప దగ్గరికొస్తే చేప మీద పడి కరుస్తుంది. ఆ కోపాన్ని ఆసరాగా తీసుకుని పట్టేవాళ్లున్నారు. పిల్లల గుంపు మధ్యలో కప్పని ఆడించగానే కాపలా చేప దానిమీద పడుతుంది, దానికి ఆకలి లేకపోయినా పడుతుంది. పట్టిన పది నిమిషాల్లో ఆ పిల్లల మీదికి మట్టగిడసలూ జెల్లలూ వచ్చిపడతాయి. సాయంత్రానికి గుంపు ఉండదు. ఒక కొరమీను కోసం వచ్చే ఏటి కొరమీనులన్నిటినీ చంపుకోవడమే ఇది. దయచేసి ఆ పని చేయకండి, చేసేవాళ్లని చూస్తే పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పండి. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపుతున్నాం, తల్లిచేప గుడ్లు పెట్టుకోనివ్వాలని. కాలవగట్టు మీద అలాంటి గడువు మనకి మనమే పెట్టుకోవాలి. ఎర్రగుంపు కనిపించినచోట గాలం ఎత్తేయాలి.

ఇంతకన్నా ఘోరం కరెంటు వేట. మోటారు తీగకో బ్యాటరీకో రెండు తీగలు తగిలించి నీళ్లలో పెడితే పెద్దదీ చిన్నదీ, తినేదీ తిననిదీ, గుడ్లతో సహా అన్నీ పోతాయి. పట్టేవాళ్ల ప్రాణాలు కూడా పోతున్నాయి. ఇంకొందరు పురుగుమందు కలుపుతారు. కాలవలు కట్టేశాక వేసవిలో లాకుల కింద మడుగులు మిగులుతాయి చూడండి, మళ్లీ నీళ్లొచ్చేదాకా చేపజాతికి ఆసరా ఆ మడుగులే. వాటిలో మందు కలిపితే మర్నాడు పైన తేలేది ఆ కాలవకి విత్తనమంతా. ఎంత పేదరికం ఉన్నా ఈ పని కడుపు నింపదు. ఊతతోనో విసురువలతోనో పట్టుకుని ఇల్లు గడుపుకునేవాళ్లు ఎప్పుడూ ఇలా చేయరు, రేపు కూడా వాళ్లు అదే మడుగుకి రావాలి కనక.

మీరనొచ్చు, చేపలకేం కరువు, దేశంలో ఎక్కువ చేపలు పండించే రాష్ట్రం మనదేగా అని. నిజమే. కైకలూరు దిక్కుకి వెళ్తే కనుచూపుమేర చెరువులే. బొచ్చె, శీలావతి లారీలకెక్కి బెంగాల్ దాకా, అస్సాం దాకా పోతాయి. రైతుకి నాలుగు డబ్బులొస్తున్నాయి, దాన్ని నేను కాదనను. కానీ ఆ చెరువులు పెరిగి పెరిగి కొల్లేటి కడుపులోకి వెళ్లాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో గట్లు కొట్టించారు. కొల్లేరు ఈ కాలవ చేపల్లో చాలావాటికి పుట్టిల్లు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు అందులో పరుచుకుంటేనే చేప గుడ్లు పెట్టేది, ఆ పిల్లలు డ్రెయిన్ల వెంట ఎదురెక్కి మన బోదెల్లోకి వచ్చేది. పుట్టిల్లు ఇరుకైతే ఇక్కడ పరిగె కూడా తగ్గుతుంది.

పైగా చెరువుల నుంచి రాకూడనివి కూడా బయటికి వస్తున్నాయి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని 2000లోనే నిషేధించారు, అయినా దొంగచాటు చెరువులు పట్టుబడుతూనే ఉన్నాయి. మన మార్పు చేపకి అది చుట్టమే, చూడటానికి ఒకేలా ఉంటుంది, ఒళ్లు మాత్రం ఎన్నో రెట్లు. కాలవలో పడితే దొరికిన చేపనల్లా తింటుంది. మార్పులు నా చిన్నప్పుడు వరికోతల రోజుల్లో బుట్టలకెత్తేవాళ్లు. ఇప్పుడు దొరికిందంటే చుట్టుపక్కలవాళ్లు వచ్చి చూసి వెళ్తున్నారు. తిలాపియా కూడా వచ్చి స్థిరపడింది, దానికి ఏ కాలవైనా ఒకటే. గాలానికి ఇవి పడితే మొహమాటపడకుండా తీసుకుపోండి. వదిలిపెట్టాల్సింది మన చేపల్ని.

బుడమేరు అనేసరికి అందరికీ 2024 సెప్టెంబరు గుర్తొస్తుంది. గట్టుకి గండ్లు పడి బెజవాడలోని సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది. ఆ కష్టం పడ్డవాళ్ల దగ్గర బుడమేరు చేపల మాట ఎత్తడానికి నోరు రాదు. కానీ ఆ ఏటికి ఊరు మిగిల్చిన దారి ఎంత సన్నదో ఆ వారంలోనే అందరికీ తెలిసింది. ఏనికేపాడు దగ్గర కాలవల అడుగు నుంచి తూముల్లో దూరి అది కొల్లేటికి పోతుంది, ఆ దారిని మురుగుతోనూ చెత్తతోనూ ఆక్రమణలతోనూ పూడుస్తూ వచ్చాం. నీటికి దారి వెడల్పు చేస్తే ఊరికీ మంచిది, చేపకీ మంచిదే. ఈ రెండూ వేరువేరు పనులు కావని ఇంజినీర్లకి చెప్పేవాళ్లు గాలం పట్టేవాళ్లలోంచి కూడా రావాలని నా కోరిక. గట్టు మీద గంటలకొద్దీ కూర్చునేది మనమే గదా. ఏ తూము నుంచి నురగ వస్తోందో, ఏ మలుపులో నిరుటి చేపలు ఈ ఏడు లేవో, ముందు తెలిసేది మనకే.

కాలం ఎప్పుడు మంచిదంటారా? కొత్తనీరు వచ్చిన జూన్, జూలైల్లో చేప కదలిక ఎక్కువే గానీ అది గుడ్లు పెట్టే కాలం, ఎర్రలతో పరిగెలు పట్టుకుని తృప్తిపడటం మర్యాద. అసలైన వేట సార్వా కోతల ముందు మొదలవుతుంది. మడుల్లో నీళ్లు తీసేస్తారు, మడిలో బలిసిన చేపంతా బోదెల్లోకి దిగుతుంది. చాలా ఇళ్లలో కార్తీకమాసం నీచు ముట్టరు కాబట్టి గట్లన్నీ ఖాళీగా ఉంటాయి. మార్గశిరం వచ్చేసరికి పొద్దుటి మంచులో ప్రతి చప్టా మీదా మనుషులుంటారు.

వండటం సంగతి ఇంట్లోవాళ్లకి వదిలేయకండి, తెచ్చినవాళ్లే బాగుచేయాలి. మట్టగిడస, కొరమీను జిగురుగా ఉంటాయి. కల్లుప్పు, బూడిద వేసి గరుకురాయి మీద రుద్దితే జిగురూ పొలుసూ రెండూ పోతాయి. కొరమీను ముక్కకి చింతపండు పులుసు చిక్కగా ఉండాలి, మట్టిదాకలో సన్నటి సెగ మీద మరగాలి, గరిటె పెట్టకూడదు, దాకనే పట్టుకుని తిప్పాలి. వేసవిలో అయితే రెండు మామిడికాయ ముక్కలు. బొమ్మిడాయికి పులుసే, మరో మాట లేదు. పరిగెలు తలలు గిల్లి, పొట్ట నొక్కి శుభ్రం చేసి, ఉప్పూ కారం పసుపు పట్టించి కరకరలాడేలా వేయించుకుంటే, ముల్లు తీసే పని కూడా ఉండదు, పప్పన్నంలోకి నంజుకోవచ్చు. అమ్మే చేప ఎంత పెద్దదైనా ఆ పరిగెల రుచి దానికి రాదు. ఇది నా అభిప్రాయం, దీని మీద మాత్రం నేను వాదనకి సిద్ధం.

వాన తగ్గినట్టుంది. ఈసారి పండక్కి ఆ అమెరికా పిల్లలు వచ్చినప్పుడు కబురు చేయండి. ఉయ్యూరు దాటాక నాకు తెలిసిన తూము ఒకటుంది, తెల్లారేసరికి అక్కడుండాలి. కర్రలూ బెండ్లూ నా దగ్గరున్నాయి. ఎర్రలు మాత్రం ఎవరివి వాళ్లే తవ్వుకురావాలి.